"రోగనిరోధక ఎక్సోజోమ్" ఇంజెక్షన్లకు నాలుగున్నర లక్షలు కట్టవచ్చా?

మీ ప్రశ్న పొడవుగా ఉంది కాబట్టి ముందు నాకు అర్థమైనది రాస్తాను. గుంటూరులో ఉంటున్న మీ బాబాయి గారికి ఊపిరితిత్తుల క్యాన్సర్. అడినోకార్సినోమా రకం, నాలుగో దశ. రెండు విడతల కీమో అయింది, మనిషి బాగా నీరసించారు. ఎవరో చెబితే ఒక క్లినిక్‌కు వెళ్లారు. ఆరోగ్యవంతుల ఎన్‌కే కణాల (కణితి కణాలను చంపే ఒక రకం రోగనిరోధక కణాల) నుంచి తీసిన ఎక్సోజోమ్‌లు, అంటే కణాలు వదిలే సన్నని తిత్తులు, ఎక్కిస్తామని, ఆరు ఇంజెక్షన్లకు నాలుగున్నర లక్షలని, దుష్ప్రభావాలు ఉండవని, కీమో ఆపేయవచ్చని అక్కడ చెప్పారు. పిన్ని గారు అరెకరం పొలం బేరం పెట్టమంటున్నారు. ఇది శాస్త్రమా మోసమా, అసలు ఈ తిత్తులు క్యాన్సర్‌ను ఏం చేస్తాయి అని అడిగారు.

శాస్త్రం నిజమే. వాళ్లు అమ్ముతున్నది మాత్రం ఇంకా మందు కాదు. డబ్బు కట్టకండి, పొలం అమ్మకండి, కీమో అసలే ఆపకండి. తీరిక లేకపోతే మధ్యలోది వదిలేసి చివర రాసిన పరీక్షల సంగతి చదవండి. ఎందుకు అంటున్నానో తెలియాలంటే కాస్త ఓపిక పట్టాలి. ఇంట్లో పెద్దవాళ్లకు మీరే నచ్చజెప్పాలి కదా.

నేను విజయవాడలో క్యాన్సర్ వైద్యురాలిని. ప్రాక్టీసులోకి రాకముందు కొన్నేళ్లు పరిశోధనశాలలో ఈ తిత్తులతోనే కుస్తీ పట్టాను. వాటి మీద నాకు ఇష్టం ఉంది, అందుకే వాటి పేరు చెప్పి డబ్బు గుంజుతుంటే కోపం కూడా ఎక్కువే.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణమూ తన చుట్టూ అతి సన్నని పొర తిత్తులను వదులుతూ ఉంటుంది. వాటిలో ఎక్సోజోమ్‌లు అనేవి సుమారు 30 నుంచి 150 నానోమీటర్ల వ్యాసం ఉంటాయి. ఎర్ర రక్తకణం పక్కన పెడితే అందులో యాభయ్యో వంతు కూడా ఉండవు. 1983లో మాంట్రియల్‌లో ఒక బృందం, సెయింట్ లూయిస్‌లో మరో బృందం వేర్వేరుగా వీటిని గమనించాయి. ముదురుతున్న ఎర్ర రక్తకణం తనకు ఇక అక్కర్లేని ప్రొటీన్లను ఈ తిత్తుల్లో పెట్టి బయటకు తోసేస్తున్నట్టు కనిపించింది. దాంతో చాలాకాలం వీటిని కణం ఊడ్చి పారేసే చెత్తగానే చూశారు. 1996లో ఆ అభిప్రాయం మారింది. బీ లింఫోసైట్లు అనే రోగనిరోధక కణాలు వదిలే తిత్తుల మీద శత్రువు ఆనవాళ్లను చూపించే ఎంహెచ్‌సీ అణువులు ఉన్నాయని, అవి శత్రువుతో పోరాడే టీ కణాలను ఉసిగొల్పగలవని తేలింది. రెండేళ్ల తరువాత, 1998లో, పారిస్‌లో లారెన్స్ జిట్వోగెల్ బృందం, శత్రువు ఆనవాళ్లను టీ కణాలకు చూపించే డెండ్రిటిక్ కణాల తిత్తులకు కణితి ఆనవాళ్లు తగిలించి ఎలుకలకు ఇచ్చింది. కణితులు పెరగడం తగ్గింది, కొన్నింటిలో పూర్తిగా పోయాయి. మీకు క్లినిక్‌లో చూపించిన రంగుల బొమ్మలన్నిటికీ మూలం ఆ రోజులే.

ఇక ఎన్‌కే కణాల విషయం. ఇవి కణితి కణాన్ని చంపేటప్పుడు పెర్ఫొరిన్‌తో పొరకు చిల్లు పొడిచి, గ్రాంజైమ్ అనే ఎంజైమును లోపలికి పంపుతాయి. అవే సరుకులు వాటి తిత్తుల్లోనూ ఉంటాయి. గాజు పళ్లెంలో ఆ తిత్తులను కణితి కణాల మీద పోస్తే కణాలు చస్తాయి. ఇందులో అబద్ధం ఏమీ లేదు. క్లినిక్ వాళ్ల కరపత్రం ఇంతవరకు చెప్పి ఆగిపోతుంది. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

రోగనిరోధక కణాల తిత్తులన్నీ క్యాన్సర్‌కు శత్రువులు కావు. కణితి ఉన్నచోట మాక్రోఫేజ్‌లు (క్రిములను, చెత్తను మింగేసే కణాలు) చాలావరకు మనవైపు నుంచి జారిపోయి, కణితికి తోడ్పడే స్థితిలోకి, అంటే ఎం2 అనే స్థితిలోకి వెళ్తాయి. అవీ రోగనిరోధక కణాలే, అవీ తిత్తులు వదులుతాయి. ఆ తిత్తులు మైక్రో ఆర్‌ఎన్‌ఏ-21 అనే చిన్న అణువును జీర్ణాశయ క్యాన్సర్ కణాలకు చేరవేసి, సిస్‌ప్లాటిన్ అనే ప్లాటినం కీమో మందుకు లొంగకుండా చేస్తున్నాయని 2017లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. మీ బాబాయి గారి రకానికి మామూలుగా ఇచ్చే కీమోలోనూ ప్లాటినం మందు ఉంటుంది, అందుకే ఈ ఉదాహరణే చెబుతున్నాను. రెగ్యులేటరీ టీ కణాలని ఇంకో రకం ఉన్నాయి, రోగనిరోధక స్పందన మితిమీరకుండా పగ్గం వేయడం వాటి పని. వాటి తిత్తుల మీద సీడీ73 అనే ఎంజైము ఉంటుంది. అది అడినోసిన్ తయారయ్యేలా చేసి, పోరాడే టీ కణాలను జోకొడుతుంది.

కణితి కూడా ఊరుకోదు. 2018లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాలు వదిలే తిత్తుల మీద పీడీ-ఎల్1 ఉందని చూపించారు. టీ కణాన్ని నిలువరించే ప్రొటీన్ అది. అంటే టీ కణం కణితి దగ్గరకు వెళ్లనవసరం లేకుండానే, దారిలోనే, రక్తంలోనే దాని ఉత్సాహం చల్లారిపోతుంది. ఖరీదైన ఇమ్యునోథెరపీ (రోగనిరోధక కణాలను కణితి మీదకు ఉసిగొల్పే మందులు) కొందరికి పనిచేసి కొందరికి పనిచేయకపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి కావచ్చు. చికిత్సకు ముందే రక్తంలో ఈ రకం తిత్తులు ఎక్కువగా ఉన్నవారికి పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు అంతగా పనిచేయలేదని ఆ అధ్యయనంలోనే కనిపించింది.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) మీద రాసిన రకం పేరు చూసి ఎవరూ ధర కట్టరు. గోనె కోసి, పిడికెడు కాయ తీసి, రంగు చూసి, తొడిమ చూసి, తడి చూసి అప్పుడు చెబుతారు. ఈ తిత్తుల విషయంలోనూ 'రోగనిరోధక కణాలవి' అన్న మాట టిక్కీ మీద పేరు లాంటిదే. ఏ కణం, ఏ స్థితిలో ఉండగా వదిలింది, లోపల ఏముంది అన్నది చూడకుండా అది మేలు చేస్తుందో కీడు చేస్తుందో చెప్పలేం.

మనుషుల మీద ప్రయత్నించలేదా అంటే ప్రయత్నించారు. 2005లో రెండు చిన్న ప్రయోగాల ఫలితాలు వచ్చాయి: ఫ్రాన్స్‌లో మెలనోమా రోగుల మీద ఒకటి, అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద ఒకటి. రోగి రక్తం నుంచే కణాలు తీసి, డెండ్రిటిక్ కణాలుగా పెంచి, అవి వదిలిన తిత్తులకు కణితి పెప్టైడ్‌లు (ప్రొటీన్ ముక్కలు) తగిలించి తిరిగి ఇచ్చారు. పెద్ద ప్రమాదాలేమీ జరగలేదు. ఒకరిద్దరిలో వ్యాధి కొంతకాలం నిలకడగా ఉంది. మొదటి దశ ప్రయోగం నుంచి ఆశించేది అంతే, భద్రత తెలిస్తే చాలు.

అసలు పరీక్ష 2016లో ఫలితాలు వచ్చిన రెండో దశ ప్రయోగం. దీన్ని కాస్త నెమ్మదిగా చదవండి, ఎందుకంటే ఇది మీ బాబాయి గారి జబ్బు మీదే జరిగింది. ఫ్రాన్స్‌లో, శస్త్రచికిత్సకు వీల్లేని ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉండి కీమో తరువాత జబ్బు ముదరకుండా ఉన్న 22 మందికి, మరింత మెరుగుపరిచిన డెండ్రిటిక్ కణాల తిత్తులు ఇచ్చారు. నాలుగు నెలల నాటికి కనీసం సగం మందిలో జబ్బు ముదరకుండా ఉండాలని ముందే లక్ష్యం పెట్టుకున్నారు. ఏడుగురిలోనే అలా జరిగింది, అంటే 32 శాతం. లక్ష్యం చేరలేదు. కొందరిలో ఎన్‌కే కణాల పనితీరు మెరుగుపడింది, అది పరిశోధకులకు విలువైన ఆధారం. కానీ పద్ధతిగా చేసిన ప్రయోగంలో, రోగి సొంత కణాలతో, ఆసుపత్రి పర్యవేక్షణలో తేలింది ఇదైతే, ఒక క్లినిక్ గదిలో ఆరు ఇంజెక్షన్లతో కీమో అవసరమే లేకుండా పోతుందనడం ఏ లెక్కన? ఇంకో మాట కూడా గమనించండి. ఆ 22 మందీ ముందు కీమో తీసుకున్నవాళ్లే. దాన్ని ఎగ్గొట్టి తిత్తులు ఇవ్వలేదు.

వ్యాపారంగా చూసినా ఇది తేలికైన దారి కాదు. తిత్తులనే నమ్ముకుని పెద్ద పెట్టుబడులతో నడిచిన కోడియాక్ బయోసైన్సెస్ అనే అమెరికా కంపెనీ 2023 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది.

వీటిని తయారు చేయడం ఎంత తలనొప్పో చెబితే మీకు ఇంకా బాగా అర్థమవుతుంది. కణాలు పెంచిన ద్రవాన్ని ముందు నెమ్మదిగా తిప్పి చచ్చిన కణాలను, ముక్కలను తీసేస్తాం. తరువాత అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో భూమ్యాకర్షణకు లక్ష రెట్ల బలంతో గంటకు పైగా తిప్పుతాం. ఆగాక గొట్టం తీసి చూస్తే అడుగున ఏమీ కనిపించదు. అందుకే గొట్టాన్ని రోటరులో పెట్టే ముందే, తిత్తులు ఎక్కడ పేరుకుంటాయో అంచనా వేసి, బయటి వైపు మార్కర్‌తో చుక్క పెట్టుకుంటాం. తిప్పడం అయ్యాక ఆ చుక్కకు ఎదురుగా లోపలి గోడను కాసిని చుక్కల బఫర్‌తో కడిగి తీస్తాం. కంటికి కనపడనిదాన్ని చుక్క గుర్తుతో వెతుక్కోవడం అన్నమాట. ఒక్క ఎలుకకు సరిపడా పోగు చేయడానికే ఫ్లాస్కులకు ఫ్లాస్కులు పెంచాలి.

అంత కష్టపడి తీసినదాంట్లోనూ తిత్తులు మాత్రమే ఉంటాయనుకోవద్దు. కణాలకు మేతగా వేసే దూడ సీరంలో (దూడ రక్తపు ద్రవంలో) దాని సొంత తిత్తులు కోట్లలో ఉంటాయి. ముందే సీరాన్ని రాత్రంతా తిప్పి వాటిని తీసేయకపోతే చివరికి మీ చేతికి వచ్చేది ఎన్‌కే కణాలదో, దూడదో తెలియదు. లెక్కపెట్టే యంత్రం కూడా ఆ సైజులో కదిలే రేణువులనే లెక్కపెడుతుంది. కొవ్వు రేణువైనా, ప్రొటీన్ ముద్దైనా దానికి ఒకటే. సీసా మీద ఇన్ని వందల కోట్ల ఎక్సోజోమ్‌లు అని రాసి ఉంటే నేను మొదట అడిగేది ఇదే: లెక్క సరే, అవి ఏమిటో ఎలా తేల్చారు? పైగా వైరస్‌లు కూడా ఇదే సైజులో ఉంటాయి. హెపటైటిస్ బీ వైరస్ సుమారు 42 నానోమీటర్లు, హెచ్‌ఐవీ వంద దాటి కొంచెం. బాక్టీరియాను ఆపే మామూలు ఫిల్టరు వీటిని ఆపదు. ఇతరుల కణాల నుంచి తీసినదంటే దాతలకు ఏయే పరీక్షలు చేశారన్నది చిన్న ప్రశ్న కాదు. దుష్ప్రభావాలు ఉండవన్న మాట మీద నాకు అందుకే మంట. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో ఎక్సోజోమ్ ఉత్పత్తులు తీసుకున్న రోగులు తీవ్రంగా ఇబ్బంది పడ్డాక 2019 డిసెంబరులో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ బహిరంగంగా హెచ్చరించింది.

ఇవన్నీ దాటి నరంలోకి ఎక్కించారే అనుకుందాం. ఎలుకల్లో చూస్తే నరంలోకి ఎక్కించిన తిత్తుల్లో ఎక్కువ భాగం నిమిషాల్లోనే కాలేయం, ప్లీహంలోని మాక్రోఫేజ్‌ల పాలవుతుంది. కణితి దాకా చేరేది కొసరు మాత్రమే. దీన్ని దాటడం ఎలాగన్నదే ఇప్పుడు ఈ రంగంలో సగం పరిశోధన.

నా దగ్గరకు వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి సంగతి చెబుతాను. ఆయనదీ ఊపిరితిత్తుల జబ్బే. కీమో మధ్యలో వదిలేసి ఇలాంటి ఇంజెక్షన్ల కోర్సు తీసుకున్నారు. తిరిగి వచ్చేసరికి కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి, పడుకుంటే ఊపిరి ఆడక కుర్చీలోనే కూర్చుని నిద్రపోతున్నారు. నీరు తీశాక కాస్త తెరిపిన పడ్డారు. కానీ వదిలేసిన చోటి నుంచి కీమో మళ్లీ అందుకోవడానికి ఒంట్లో శక్తి మిగల్లేదు. వాళ్లబ్బాయి మిగిలిన ఒక సీసాను ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులో జాగ్రత్తగా పట్టుకొచ్చాడు, 'ఇది కూడా ఇచ్చేద్దామా మేడమ్' అని. లేబులు మీద పేరు, రేణువుల సంఖ్య ఉన్నాయి. బ్యాచ్ నంబరు లేదు, గడువు తేదీ లేదు, తయారీ లైసెన్సు నంబరు లేదు. మన మెడికల్ షాపులో పది రూపాయల మాత్రల పట్టీ మీద కూడా ఈ మూడూ ఉంటాయి.

అమ్మేవాళ్లందరూ దొంగలని నేను అనను. కొందరు నిజంగా నమ్మే చేస్తారు. వాళ్ల నమ్మకానికి మీ బాబాయి గారు ఖర్చు పెట్టనక్కర్లేదు.

అలాగని ఈ తిత్తులతో ఎప్పటికీ పని లేదనుకోకండి. సీఏఆర్-టీ కణాల (కణితిని గుర్తుపట్టేలా ప్రయోగశాలలో మార్చిన టీ కణాల) తిత్తుల మీద 2019లో వచ్చిన అధ్యయనం నాకు బాగా నచ్చింది. ఆ తిత్తుల మీద కణితిని గుర్తుపట్టే గ్రాహకం ఉంటుంది, కానీ పీడీ-ఎల్1 అతుక్కునే పీడీ-1 ప్రొటీన్ ఉండదు. కాబట్టి కణితి వేసే పీడీ-ఎల్1 పాచిక వాటి మీద పారదు. ఎలుకల్లో అసలు కణాల కంటే ప్రమాదం తక్కువగానూ కనిపించింది. మాక్రోఫేజ్ తిత్తుల్లో పాక్లిటాక్సెల్ అనే కీమో మందు నింపి ఎలుకల ఊపిరితిత్తుల్లోని కణితులకు చేర్చిన వాళ్లూ ఉన్నారు. రక్తంలోని తిత్తులు చూసి ఎవరికి ఇమ్యునోథెరపీ పనిచేస్తుందో ముందే చెప్పడం ఇంకొక దారి. నన్నడిగితే వీటి వల్ల రోగికి మొదట అందే మేలు మందుగా కాదు, రక్త పరీక్షగా.

ఒక గందరగోళం తీర్చాలి. కరపత్రంలో సీఏఆర్-టీ పేరు కూడా వాడారని రాశారు. మన దేశంలో ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ నుంచి వచ్చిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో ఆమోదం లభించిన మాట నిజం. అది కొన్ని రకాల బీ కణ లింఫోమా, లుకేమియా అనే రక్త క్యాన్సర్లకు ఇచ్చే చికిత్స, జీవించి ఉన్న కణాలతో చేసేది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కాదు, తిత్తులతోనూ సంబంధం లేదు. క్యాన్సర్ చికిత్సకు ఎక్సోజోమ్ ఇంజెక్షన్ దేన్నీ అమెరికా ఎఫ్‌డీఏ గానీ మన ఔషధ నియంత్రణ సంస్థ గానీ ఆమోదించలేదు.

క్లినిక్‌కు మళ్లీ వెళ్లవలసి వస్తే రెండే అడగండి. ఒకటి, ఇది ప్రయోగమైతే సీటీఆర్‌ఐ నంబరు ఎంత? మన దేశంలో క్లినికల్ ప్రయోగాలు ఆ రిజిస్ట్రీలో నమోదు కావాలి, నంబరు కొడితే ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. రెండు, ప్రయోగమైతే నా దగ్గర డబ్బు ఎందుకు తీసుకుంటున్నారు? నిజమైన ప్రయోగంలో పరిశీలనలో ఉన్న మందుకు రోగి చేత లక్షలు కట్టించరు. పైగా హాని జరిగితే పరిహారం ఇవ్వాలని 2019 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ప్రయోగం కాదు, చికిత్సే అంటే అనుమతి పత్రం చూపించమనండి.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. మీరు పంపిన బయాప్సీ నివేదికలో, కణితికి ఏ మందు సరిపోతుందో చెప్పే ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే, ఆర్‌ఓఎస్1, పీడీ-ఎల్1 పరీక్షల మాట ఎక్కడా లేదు. నాలుగో దశ అడినోకార్సినోమాలో ఇవి తప్పనిసరి. మన దేశంలో ఈ రకం రోగుల్లో దాదాపు నాలుగో వంతు మందిలో ఈజీఎఫ్‌ఆర్ జన్యువులో మార్పు కనిపిస్తుంది. అది ఉంటే గెఫిటినిబ్ లాంటి మాత్రతో నూటికి డెబ్బై మందిలో కణితి కుదించుకుపోతుంది. జెనెరిక్‌గా దొరుకుతుంది, పొలం అమ్మాల్సినంత ఖర్చు కాదు. సత్తెనపల్లి వైపు నుంచి నా దగ్గరకు వచ్చే ఒకావిడ, ఏనాడూ పొగ ముట్టని మనిషి, వీల్‌చెయిర్‌లో వచ్చి ఈ మాత్ర మొదలుపెట్టాక తరువాతి సందర్శనకు ఆటో దిగి నడిచి వచ్చారు. అందరికీ అలా జరగదు, ఎప్పటికీ పనిచేయదు కూడా. కానీ పరీక్ష చేయించకుండా ఆ అవకాశం వదులుకోవడం అన్యాయం. ఫలితం రాకముందే ఇమ్యునోథెరపీకి తొందరపడకండి, ఈజీఎఫ్‌ఆర్ మార్పు ఉన్నవారికి అది సాధారణంగా తక్కువగా పనిచేస్తుంది.

నీరసం గురించి మీ వైద్యుడితో విడిగా మాట్లాడండి. మోతాదు తగ్గించవచ్చు, విడతల మధ్య ఎడం పెంచవచ్చు, రక్తహీనత ఉంటే సరిచేయవచ్చు. నొప్పి, ఆయాసం, ఆకలి చూసే ఉపశమన వైద్యులను ఇప్పుడే కలవండి, ఆఖరి రోజుల కోసం దాచుకోకండి. 2010లో బోస్టన్ నుంచి వచ్చిన అధ్యయనంలో, ఇదే జబ్బు ముదిరినవారిలో మొదటి నుంచీ ఉపశమన వైద్యం అందుకున్నవారు సగటున 11.6 నెలలు బతికితే, మామూలు చికిత్స మాత్రమే అందుకున్నవారు 8.9 నెలలు బతికారు. ఏ తిత్తుల ఇంజెక్షనూ ఇంతవరకు ఇలాంటి లెక్క చూపించలేదు.

ఇమ్యునోథెరపీ అంటేనే ఆస్తులు కరిగించాలనుకునేవాళ్లకు చిన్న పిట్టకథ. మన పొగాకు జిల్లాల్లో ఎక్కువగా చూసే నోరు, గొంతు క్యాన్సర్లకు టాటా మెమోరియల్ వాళ్లు నివోలుమాబ్‌ను మామూలు మోతాదులో పదో వంతు కన్నా తక్కువ, మూడు వారాలకు 20 మిల్లీగ్రాములే, తక్కువ ఖర్చు కీమో మాత్రలతో కలిపి ఇచ్చారు. ఏడాది తరువాత బతికి ఉన్నవారు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. ఇది ఊపిరితిత్తుల జబ్బుకు వర్తించదు, మీ వైద్యుడి మీద ఒత్తిడి తేకండి. నిజమైన మందు పద్ధతిగా పరీక్షకు నిలబడితే పేదవాడికీ అందుతుందని చెప్పడానికే రాశాను.

పరీక్షలకు గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలోని క్యాన్సర్ విభాగంలో గానీ, మంగళగిరి ఎయిమ్స్‌లో గానీ అడగండి. ఆరోగ్య పథకం కార్డు వెంట ఉంచుకోండి, ఏది వర్తిస్తుందో ఆరోగ్యమిత్ర చెబుతారు. మళ్లీ సూది గుచ్చి ముక్క తీయవలసిన అవసరం చాలాసార్లు ఉండదు. మొదటి బయాప్సీ చేసిన ల్యాబులో ఆ ముక్కను పొదిగిన మైనపు బ్లాకు దాచి ఉంటుంది, దానితోనే ఈ పరీక్షలు చేయవచ్చు. నివేదిక కాగితం, స్కాన్ ఫిల్ములు సరిపోవు, ఆ బ్లాకే కావాలి. బాబాయి గారు రాలేకపోతే ఆయన సంతకంతో ఒక లేఖ, గుర్తింపు కార్డు నకలు తీసుకుని మీరే వెళ్లండి. బ్లాకు తీసుకునేటప్పుడు దాని మీది నంబరు, నివేదికలోని నంబరు ఒకటేనో కాదో అక్కడే సరిచూసుకోండి.